పేరు పెట్టిన పన్నెండో రోజు

ఠాణేలో మేము కాపురముంటున్న భవనంలో, సరిగ్గా మా వాటాకు పైన, ఒక వృద్ధురాలు ఉంటారు. పిన్నా పెద్దా అందరూ ఆమెను ‘ఆజీ’ అనే పిలుస్తారు. మరాఠీలో అమ్మమ్మకూ నాయనమ్మకూ కూడా అదే మాట. ఆమె ఇంటి ద్వారబంధానికి కుడివైపున వేలెడంత పొడవైన చిన్న గొట్టం ఒకటి బిగించి ఉంటుంది. లోపలికి వెళ్ళేవారూ బయటికి వచ్చేవారూ దాన్ని వేళ్ళతో తాకి, ఆ వేళ్ళను పెదవులకు ఆనించుకుంటారు. ధర్మశాస్త్ర వాక్యాలు రాసిన తోలుపత్రం చుట్ట ఆ గొట్టంలో ఉంటుందనీ, దాన్ని మెజూజా అంటారనీ, ఆజీ కుటుంబం యూదులనీ మేము ఈ ఇంటికి వచ్చిన మొదటి వారంలోనే తెలిసింది.

ఒక బుధవారం రాత్రి ఆజీ కూతురికి ఆడపిల్ల పుట్టింది. పెళ్ళయిన పదేళ్ళకు కలిగిన తొలి సంతానం. మన ఇళ్ళలో లాగే ఆ అమ్మాయి కూడా పురిటికి పుట్టింటికి వచ్చి ఉంది. మరునాటి ఉదయం మెట్లు దిగి మా ఇంటికి వచ్చిన ఆజీ, మిఠాయి పొట్లం నా చేతిలో పెట్టి, నేను శుభాకాంక్షలు చెప్పేలోపలే ఒక ప్రశ్న వేశారు.

“నువ్వు ఒక భాషలోని పుస్తకాలను ఇంకో భాషలోకి మారుస్తావు కదా! ఒక పేరును మార్చి పెట్టగలవా?”

నాకు నవ్వు వచ్చింది. పేర్లను అనువదించకూడదన్నది మా వృత్తిలో తొలి పాఠం. ఎలిజబెత్ ఏ భాషలోకి వెళ్ళినా ఎలిజబెత్‌గానే ఉండాలి. సీతమ్మ ఏ సముద్రం దాటినా సీతమ్మగానే ఉండాలి. ఆ మాటే చెప్పాను. ఆజీ నవ్వలేదు. “నీ దగ్గర టీ ఉందా? అయితే కూర్చుంటాను. ఇది పొడవైన కథ” అన్నారు.

ఆమె చెప్పిన కథనూ, ఆ తరువాత పన్నెండు రోజులలో నేను చూసినదానినీ పాఠకులకు చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం. వారి కోరిక మేరకు ఆ కుటుంబంలో ఎవరి పేరూ రాయడం లేదు. పేరు గురించిన వ్యాసంలో ఇది కొంత విడ్డూరమే. అయినా మాట మాటే.

శనివారపు తెలికలు

భారతదేశంలోని యూదులలో సంఖ్యాబలం గలవారు బెనె ఇజ్రాయెల్ అనే శాఖ. ‘ఇజ్రాయెల్ సంతానం’ అని ఆ మాటకు అర్థం. ఎన్నో శతాబ్దాల క్రితం కొంకణ తీరంలో, ఆలీబాగ్ సమీపాన ఉన్న నవగావ్ దగ్గర ఒక ఓడ మునిగిపోయిందనీ, ఏడుగురు పురుషులూ ఏడుగురు స్త్రీలూ మాత్రమే ప్రాణాలతో ఒడ్డుకు చేరారనీ, తాము వారి వంశీయులమనీ వీరి సంప్రదాయ కథ. కాలం మాట ఎలా ఉన్నా, కొంకణ గ్రామాలలో వీరు గానుగాడించి నూనె తీసే వృత్తిలో స్థిరపడ్డారు. యూదుల విశ్రాంతి దినమైన శనివారం నాడు గానుగ ఆపేవారు గనుక చుట్టుపక్కలవారు వీరిని ‘శనివార్ తేలీ’లని, అంటే శనివారపు తెలికలని పిలిచారు. మాతృభాష మరాఠీ అయింది. ఇంటిపేర్లు ఊళ్ళ పేర్లనుండి వచ్చాయి: దివే ఊరివారు దివేకర్, పేణ్ వారు పేణ్‌కర్, కిహీమ్ వారు కెహీంకర్.

పేర్లు మారడమన్నది వీరి చరిత్రలో కొత్త సంగతి కాదు. సామ్యుయేల్ కొంకణంలో సామాజీ అయ్యాడు. అబ్రాహాము ఆబాజీ అయ్యాడు. 1796లో బొంబాయిలోని మాండవీ ప్రాంతంలో ‘దయాద్వారం’ అనే అర్థం గల హీబ్రూ పేరుతో వీరి మొదటి ప్రార్థనా మందిరాన్ని కట్టించిన సామ్యుయేల్ ఎజెకీల్ దివేకర్ తన వారికి సామాజీ హసాజీ దివేకర్‌గా సుపరిచితుడు. స్త్రీల విషయంలో ఈ మార్పు ఇంకా దూరం పోయింది. వెనకటి తరాలలో చాలామంది స్త్రీలు అచ్చమైన మరాఠీ పేర్లతోనే పెరిగి, ఆ పేర్లతోనే కాపురాలు చేసి, ఆ పేర్లతోనే కన్నుమూశారు.

వీరు హీబ్రూ భాషను మరచిపోయారు. అయితే మూడు నాలుగు సంగతులు మాత్రం మరవలేదు: శనివారపు విశ్రాంతి, ఆహార నియమాలు, ఏకేశ్వరుని ప్రకటించే ప్రధాన ప్రార్థనలోని మొదటి మాటలు, మగబిడ్డకు ఎనిమిదో రోజున సున్నతి. దావీద్ రహాబీ అనే యూదుడు వచ్చి వీరిని గుర్తించాడనీ, చేపలు ఇచ్చి వండమంటే రెక్కలూ పొలుసులూ లేని చేపలను స్త్రీలు పక్కకు తీసి పెట్టారనీ, వీరు యూదులే అనడానికి అతనికి అదే సాక్ష్యమయిందనీ ఒక కథ ఉంది. వంశాన్ని పుస్తకాలు కాపాడలేకపోయిన చోట వంటింటి ఆడవాళ్ళు కాపాడారన్నమాట. ఈ కథ చెప్పేటప్పుడు ఆజీ గొంతులో ఎంత గర్వమో!

ఇంగ్లీషు సాహిత్య విద్యార్థినిగా ఉన్న రోజులలో నాకు తెలిసిన బెనె ఇజ్రాయెల్ వ్యక్తి ఒక్కరే, కవి నిస్సీం ఎజెకీల్ (1924–2004). ‘లేటర్ డే సామ్స్’ అనే కవితా సంపుటికి 1983లో సాహిత్య అకాడెమీ పురస్కారం పొందిన ఆయన బొంబాయిని తన ఊరిగా రాసుకున్నాడు. ఆ కవితల వెనుక ఇన్ని గానుగలూ ఇన్ని గ్రామాలూ ఉన్నాయని పాఠం చెప్పినవారెవరూ చెప్పలేదు. మేమూ అడగలేదు.

ఒక నీలిరంగు ఉత్తరం

1948లో ఇజ్రాయెల్ రాజ్యం ఏర్పడిన తరువాత బెనె ఇజ్రాయెల్ కుటుంబాలు ఒక్కొక్కటిగా బయలుదేరాయి. 1950 ప్రాంతంలో మనదేశంలో ఇంచుమించు 20,000 మంది ఉన్న ఈ శాఖవారు ఇప్పుడు నాలుగైదు వేలకు మించరు. బీర్షెబా, డిమోనా, అష్‌దోద్, లోద్ వంటి పట్టణాలలో పదుల వేల మంది భారతీయ యూదులు స్థిరపడ్డారు. ఎవరూ తరిమివేయగా వెళ్ళినవారు కారు. యూదులపట్ల ద్వేషమన్నది తమకు ఇక్కడ ఎన్నడూ ఎదురుపడలేదని వీరు మళ్ళీ మళ్ళీ చెబుతారు. 2016లో మహారాష్ట్ర ప్రభుత్వం యూదులకు అల్పసంఖ్యాక వర్గ హోదా కూడా ఇచ్చింది.

అలా వెళ్ళినవారిలో ఆజీ అక్క ఒకరు. 1962లో ఆమెకు అక్కడే పెళ్ళి కుదిరింది. వరుడు మరొక దేశం నుంచి వచ్చిన యూదుడు. పెళ్ళి నమోదు చేయించుకోవడానికి వెళితే అక్కడి అధికారి మీ తల్లి పేరేమిటి అని అడిగాడు. చెప్పింది. ఆమె తల్లి పేరు? అక్కడ ఆగిపోయింది. ఎందుకంటే అమ్మమ్మను ఇంటిల్లిపాదీ పిలిచింది ఒక మరాఠీ ముద్దుపేరుతోనే. ఆ పేరు విన్న అధికారి, ఇది యూదుల పేరు కాదే అన్నాడట.

ఇది ఆ ఒక్క అమ్మాయికి ఎదురైన కష్టం కాదు. శతాబ్దాల తరబడి విడిగా బతికిన బెనె ఇజ్రాయెల్ వారి వివాహ, విడాకుల పద్ధతులు ధర్మశాస్త్రానికి అనుగుణంగా సాగాయో లేదోనన్న శంకతో, ఇతర యూదులతో వీరి వివాహాలు జరిపే ముందు తల్లివైపు వంశాన్ని విచారించాలని అక్కడి ప్రధాన మతాచార్యుల కార్యాలయం 1960ల ఆరంభంలో ఆదేశించింది. యూదత్వం తల్లి ద్వారా సంక్రమిస్తుంది కనుక ప్రశ్న ఎప్పుడూ తల్లి గురించి, తల్లి తల్లి గురించి. బెనె ఇజ్రాయెల్ ప్రజలు దీనిని అవమానంగా భావించి నిరసనలకు దిగారు. చివరికి 1964లో ఇజ్రాయెల్ పార్లమెంటు వీరు అన్ని విధాలా యూదులేనని ప్రకటించింది, ఆదేశమూ సవరించబడింది.

అయితే 1962లో ఆ అమ్మాయికి ఈ ముగింపు తెలియదు. ఇంటికి ఒక నీలిరంగు ఉత్తరం రాసింది. అమ్మమ్మ హీబ్రూ పేరేమిటో, అది ఎక్కడ రాసి ఉందో కనుక్కుని వెంటనే తెలియజేయమంది.

“ఆ ఉత్తరం చదివింది నేనే” అన్నారు ఆజీ. “నాకు పధ్నాలుగేళ్ళు. అమ్మకు చదువు రాదు. చదువుతుంటే అమ్మ ముఖం చూశాను. తన తల్లి పేరు తనకు తెలియదని ఆమెకు అప్పుడే తెలిసింది.”

వెతికారు. పాత ప్రార్థన పుస్తకాల అట్టలు చూశారు. ఊరి శ్మశానంలో రాళ్ళు తడిమారు. అమ్మమ్మ వివాహపత్రం వానలకు చెదలుపట్టి ఏనాడో పోయింది. ఆమె తమ్ముళ్ళ పేర్లు దొరికాయి. తండ్రి పేరు దొరికింది. ఆమె పేరు దొరకలేదు. మగవారికి ఎనిమిదో రోజున పదిమంది మధ్య పేరు పెట్టారు. ఆడపిల్లను మాత్రం ఉయ్యాలలో వేసి ముద్దుగా పిలుచుకున్నారు. ఆ పిలుపే మిగిలింది.

అక్క పెళ్ళి రెండేళ్ళ తరువాత, 1964లో, జరిగింది. ఆమె బీర్షెబాలో నిండు జీవితం గడిపి కన్నుమూసింది. కాని ఆ ప్రశ్న మాత్రం ఈ చెల్లెలి మనసులో అరవై ఏళ్ళకు పైగా ముల్లులా ఉండిపోయింది. ఇప్పుడు కూతురూ అల్లుడూ కూడా నాలుగు నెలలలో అష్‌దోద్‌కు ప్రయాణం కడుతున్నారు. ఎత్తుకుపోతున్నది ఆడపిల్లను.

“ఆమె పేరు నా మనుమరాలికి పెట్టాలి” అన్నారు ఆజీ. “కాని ఏ పేరు పెట్టను? ఆ మరాఠీ ముద్దుపేరుకు ‘తీయనిది’ అని అర్థం. దానిని హీబ్రూలోకి మార్చి పెట్టు.”

పేరు అంటే ఏమిటి?

నాకు హీబ్రూ రాదు. ఆ సంగతి చెప్పినా ఆజీ వినలేదు. పుస్తకాలు చూడవలసి వచ్చింది. చూసినకొద్దీ పేరు అనే దానికి యూదులు ఇచ్చిన గౌరవం నన్ను ఆశ్చర్యపరచింది.

బైబిల్‌లో మనం నిర్గమకాండం అని పిలిచే గ్రంథానికి హీబ్రూలో ఉన్న శీర్షికకు ‘పేర్లు’ అని అర్థం. ఆదికాండంలో దేవుడు నిబంధన చేసినప్పుడు అబ్రామును అబ్రాహాముగా, శారయిని శారాగా మారుస్తాడు. అంటే బతుకు మారినప్పుడు పేరూ మారుతుంది. యూదుని పూర్తి పేరులో తన పేరుతో పాటు తండ్రి పేరు కూడా ఉంటుంది: ఫలానావాని కొడుకు ఫలానా, ఫలానావాని కూతురు ఫలానా. మందిరంలో ధర్మశాస్త్రం చదవడానికి పిలిచేటప్పుడూ, వివాహపత్రంలోనూ, చివరికి సమాధి రాతి మీదా ఆ పేరే. జబ్బుపడినవారి కోసం ప్రార్థించేటప్పుడు మాత్రం తండ్రి పేరు బదులు తల్లి పేరు చెబుతారు. ప్రాణం మీదికి వచ్చినప్పుడు రోగికి ‘జీవితం’ అనే అర్థం వచ్చే హయీం వంటి కొత్త పేరు చేర్చే ఆచారమూ ఉంది. మనిషికి మూడు పేర్లుంటాయని వారి పెద్దలు చెబుతారు: తల్లిదండ్రులు పెట్టింది, లోకులు పిలిచేది, తాను సంపాదించుకున్నది. మూడింటిలో చివరిదే మేలైనదట.

పేర్లు ఎంచుకునే తీరులో ప్రాంతభేదాలున్నాయి. తూర్పు ఐరోపా యూదులు బతికున్నవారి పేరు బిడ్డకు పెట్టరు. గతించినవారి పేరు పెట్టి వారిని తలచుకుంటారు. స్పెయిన్ నుంచి చెదిరిపోయిన శాఖలవారూ, తూర్పు దేశాల యూదులూ కళ్ళెదుట ఉన్న తాతల పేర్లే పెట్టి వారిని సంతోషపెడతారు.

మగబిడ్డ పేరుకు ముహూర్తం ధర్మశాస్త్రమే పెట్టింది: ఎనిమిదో రోజు, సున్నతి సమయం. ఏలీయా ప్రవక్త ఆ వేడుకకు అదృశ్యంగా వస్తాడని నమ్మి ఆయన కోసం ఒక కుర్చీ ఖాళీగా ఉంచుతారు. ఆడపిల్ల పేరుకు అటువంటి రోజేదీ లేదు. ఆ ఖాళీని ఒక్కొక్క దేశం ఒక్కొక్క విధంగా పూరించుకుంది. స్పెయిన్ సంప్రదాయంవారు ‘కుమార్తె అనే కానుక’ అనే అర్థం గల వేడుక చేస్తారు. దక్షిణ జర్మనీ, అల్సాస్ గ్రామాలలో పిల్లలంతా ఉయ్యాల చుట్టూ చేరి, దానిని పైకెత్తి, బిడ్డకు ఏం పేరని కేక వేసేవారు. గత శతాబ్దం చివరి దశకాలలో అమెరికాలో తల్లిదండ్రులు ‘కుమార్తె వలన కలిగిన ఆనందం’ అనే పేరుతో కొత్త పద్ధతులు కల్పించుకుని బంధుమిత్రులను పిలిచి ఆడపిల్లకు పేరు పెట్టడం మొదలుపెట్టారు. బెనె ఇజ్రాయెల్ ఇళ్ళలో మరాఠీవారి ‘బార్సా’ ఉంది. అంటే పన్నెండో రోజున బిడ్డను ఉయ్యాలలో వేయడం. మన బాలసారెకు అక్కచెల్లెలు అనుకోవచ్చు.

నాలుగో రోజుకు నాకు ఒక పేరు దొరికింది. రూతు గ్రంథంలోని నయోమి. మాధుర్యమనీ మనోహరమనీ అర్థమిచ్చే ధాతువు నుంచి పుట్టిన పేరది. కరువు వచ్చి పరదేశం వెళ్ళిన స్త్రీ, భర్తనూ ఇద్దరు కొడుకులనూ అక్కడ పోగొట్టుకుని, కోడలు రూతును వెంటబెట్టుకుని సొంత ఊరికి తిరిగి వస్తుంది. తనను ఇక తీయని పేరుతో పిలవవద్దనీ, చేదు అనే అర్థం వచ్చేలా మారా అని పిలవమనీ ఊరివారితో అంటుంది. గ్రంథం చివర ఆమె ఒళ్ళో ఒక మనుమడు ఉంటాడు. విశేషమేమిటంటే, ఆ బిడ్డకు పేరు పెట్టింది తల్లీ కాదు, తండ్రీ కాదు, ఇరుగుపొరుగు స్త్రీలు!

ఈ మాట చెప్పినప్పుడు ఆజీ చాలాసేపు మౌనంగా ఉన్నారు. తరువాత “అయితే నీకు అధికారం ఉందన్నమాట” అన్నారు.

హజ్జాన్ చెప్పిన తీర్పు

చిక్కు అక్కడితో తీరలేదు. కూతురూ అల్లుడూ అప్పటికే ఒక పొట్టి పేరు అనుకున్నారు. ఠాణేలోనూ అష్‌దోద్‌లోనూ నోరు తిరిగే పేరు, ఏ గుమాస్తా కూడా రెండోసారి అడగని పేరు. “అమ్మా! అరవై ఏళ్ళ కిందటి భయం దీని నెత్తిన ఎందుకు పెడతావు?” అంది కూతురు. ఆమె మాటలోనూ న్యాయం లేకపోలేదు. ఆజీ కోరిక అంతకంటే పెద్దది. కుటుంబ ప్రార్థన పుస్తకం మొదటి పుటలో తల్లివైపు స్త్రీల వరుస రాసి, తన అమ్మమ్మ పేరు ఉండవలసిన చోట ‘నయోమి’ అని రాయాలన్నది ఆమె పట్టు.

బెనె ఇజ్రాయెల్ మందిరాలలో ప్రార్థన నడిపేది హజ్జాన్. ఆయనను అడిగారు. ఆయన చెప్పిన మాట నేను విన్నాను. తెలియని పేరును తెలిసినట్టు రాయకూడదు. ఆవిడ ఏ పేరుతో బతికిందో ఆ పేరే రాయండి. అది మరాఠీ పేరైతే మరాఠీలోనే రాయండి. ఆ పేరుతోనే కదా ఆమె శనివారం దీపం వెలిగించింది, పొలుసులేని చేపను పక్కన పెట్టింది! హీబ్రూ పేరు కావలసింది చనిపోయినవారికి కాదు, పుట్టినవారికి. బిడ్డకు రెండు పేర్లుంటే నష్టమేమిటి?

ఆ మాటలో ఒక అనువాదకురాలు నేర్చుకోవలసినది చాలా ఉందని నాకు అనిపించింది. మూలాన్ని చెరిపివేసి దాని స్థానంలో అనువాదాన్ని కూర్చోబెట్టాలని ఆజీ కోరారు. నేనూ తెలియక అందుకు సిద్ధపడ్డాను. మూలం మూలంగా ఉండాలి. అనువాదం పక్కన నిలబడాలి.

శనివారం, ఆదివారం

పదకొండో రోజు శనివారమైంది. ఠాణే ప్రార్థనా మందిరం పేరుకు ‘స్వర్గద్వారం’ అని అర్థం. 1879 నాటిది. ఆడవాళ్ళం పై అంతస్తులో కూర్చున్నాము. కింద గుండ్రటి టోపీలు పెట్టుకున్న పురుషులు. పదిమంది వయోజనులైన పురుషులు లేనిదే సామూహిక ప్రార్థనలోని ముఖ్యభాగాలు సాగవు. ఒకప్పుడు కూర్చోవడానికి చోటు దొరికేది కాదని, ఇప్పుడు కొన్ని ఊళ్ళలో ఆ పదిమంది కోసం ఫోన్లు చేయవలసి వస్తోందని పక్కనున్న ఆవిడ చెప్పింది. ఆ రోజు మాత్రం ముప్ఫైమందికి తక్కువ లేరు.

బిడ్డ తండ్రిని ధర్మశాస్త్రం చదివే వేదిక దగ్గరికి పిలిచారు. ఆయన దీవెన చదివిన తరువాత హజ్జాన్ తల్లీబిడ్డల క్షేమం కోరే ప్రార్థన అందుకున్నాడు. మధ్యలో బిడ్డ పేరు వచ్చింది: తల్లిదండ్రులు ఎంచిన పొట్టి పేరు, దాని వెంట నయోమి, ఆపైన తండ్రి పేరు, తల్లి పేరు. తల్లి పేరు వినగానే ఆజీ నా చేయి గట్టిగా పట్టుకున్నారు. శనివారం రాయడం నిషిద్ధం కనుక ఆ రోజు ఎవరూ ఏమీ రాయలేదు.

ఆదివారం సాయంత్రం ఇంట్లో మలీదా. ఇది బెనె ఇజ్రాయెల్ వారికే ప్రత్యేకమైన కృతజ్ఞతార్పణ. పెళ్ళయినా, పురుడైనా, కొత్త ఇల్లయినా, మొక్కు తీరినా ఏలీయా ప్రవక్త పేరు మీద జరుపుతారు. ఆ ప్రవక్త స్వర్గానికి వెళ్ళే ముందు కొంకణంలో దిగాడని వీరి నమ్మకం. ఆలీబాగ్ దగ్గరి ఖండాలా గ్రామంలో ఆయన రథపు జాడలని చూపే బండ ఒకటి ఉంది. పెద్ద పళ్ళెంలో తడిపిన అటుకులు, చక్కెర, కొబ్బరి కోరు, యాలకుల పొడి, ఎండుద్రాక్ష, బాదం కలిపి గుట్టగా పోశారు. చుట్టూ అయిదు రకాల పళ్ళు. పైన గులాబీలు. చెట్టు పండుకు ఒక దీవెన, నేల పంటకు ఒక దీవెన, సువాసనకు మరొకటి. అరటిపండును నేల పంటలలో లెక్కిస్తారని అప్పుడే తెలిసింది. గెల వేసిన తరువాత చనిపోయే అరటి చెట్టు కాదని వారి తర్కం. ద్రాక్షసారా బదులు నల్లని ఎండుద్రాక్ష నానబెట్టి పిండిన పానీయం అందరికీ ఇచ్చారు. మాంసంతో పాలు కలపరాదన్న నియమం ఉంది కనుక భోజనంలో ప్రతి వంటకానికీ కొబ్బరిపాలే ఆధారం. మన కోనసీమవారు తింటే పరాయి వంట అనుకోరు.

పురుషుల ప్రార్థన అయ్యాక ఉయ్యాల మాది. చుట్టూ చేరిన స్త్రీలలో సగంమంది యూదులు కారు. రెండో అంతస్తు మరాఠీ టీచరు, ఎదురింటి ముస్లిం వృద్ధురాలు, మంగుళూరు క్రైస్తవ నర్సు, నేను. టీచరు జోలపాట అందుకుంది. మేనత్త వంగి మొదటి పేరు బిడ్డ చెవిలో చెప్పింది. అప్పుడు ఆజీ నావైపు తిరిగి “రెండోది నువ్వు చెప్పు. ఇరుగుపొరుగువాళ్ళే చెప్పాలట కదా!” అన్నారు.

మా ఇళ్ళలో తండ్రి బియ్యం పోసిన పళ్ళెంలో బంగారు ఉంగరంతో పేరు రాస్తాడు. నేను పుట్టి పెరిగిన పల్లెలో రాహేలమ్మలూ శారమ్మలూ ఉండేవారు. క్రైస్తవం ద్వారా వచ్చి పూర్తిగా మనవైపోయిన పేర్లు. గుంటూరు ప్రాంతంలో చేబ్రోలు దగ్గరి కొత్తరెడ్డిపాలెంలో తమను బెనె ఎఫ్రాయిమ్ అని చెప్పుకునే తెలుగు కుటుంబాలు ఒక చిన్న ప్రార్థనా మందిరం పెట్టుకుని హీబ్రూ పేర్లు నేర్చుకుంటున్నాయి. తాము ఎవరో లోకానికి చెప్పడానికి ముందుగా తమ పేర్లు తాము పలకడం మొదలుపెట్టారు. ఇవన్నీ ఆ క్షణంలో నా మనసులో కదిలాయి. ఉయ్యాలలోకి వంగాను. ఆముదమూ పాలూ కలిసిన వాసన. ఏ ఇంటి పసిబిడ్డకైనా అదే వాసన. నయోమి అని మూడుసార్లు చెప్పాను. బిడ్డ ఆవులించింది. అందరూ నవ్వారు.

అతిథులు వెళ్ళాక ఆజీ ప్రార్థన పుస్తకం తెచ్చారు. హీబ్రూ మూలమూ మరాఠీ అనువాదమూ ఎదురెదురు పుటలలో ఉన్న పాత పుస్తకం. మొదటి పుటలో వణికే చేతితో అయిదు వరుసలు రాశారు. అన్నిటికంటే పైన ఆ మరాఠీ ముద్దుపేరు, ఉన్నది ఉన్నట్టుగా. కింద ఆమె తల్లి. దాని కింద తాను. తరువాత కూతురు. చివర పన్నెండు రోజుల బిడ్డ, రెండు పేర్లతో. ప్రతి పేరు పక్కనా ‘ఫలానావారి కూతురు’ అని తల్లి పేరు. పై వరుస పక్కన మాత్రం ఖాళీ వదిలారు. ఆవిడ తల్లి ఎవరో ఎవరికీ తెలియదు కదా.

“ఈ పుస్తకం వాళ్ళతో వెళుతుంది” అన్నారు.

నాలుగు నెలల తరువాత వెళ్ళింది కూడా. ఆజీ వెళ్ళలేదు. ఈ వయసులో కొత్త భాష నేర్చుకోలేనన్నారు. ఉయ్యాల కొక్కేలు మాత్రం ఇంకా దూలానికే ఉన్నాయి. ప్రతి శుక్రవారం పొద్దుగుంకే ముందు ఆమె దీపం వెలిగిస్తారు. అంతకుముందే అష్‌దోద్ నుంచి ఫోను వస్తుంది. మాట్లాడడం అయ్యాక ఒక్కొక్కసారి మెట్ల మీద నిలబడి మా తలుపు వైపు కేక వేస్తారు:

“వింటున్నావా? నువ్వు పేరు పెట్టిన పిల్లకు పన్ను వచ్చిందట!”